హెచ్.ఐ.వి. మందుల ‘వేడి’కి విరుగుడు ఏది?

మన తెలుగు ఇళ్ళలో ‘వేడి’ అన్న మాటకు ఉన్నంత అధికారం వైద్యగ్రంథాలలోని ఏ మాటకూ లేదు. నోరు పూసినా, కళ్ళు మండినా, మూత్రం పచ్చబడినా, ముఖాన కురుపు లేచినా కారణం వేడే. సబ్జా గింజలు నానవేసుకొని త్రాగడం, తలకు ఆముదం పెట్టుకోవడం, పలుచని మజ్జిగ పుచ్చుకోవడం ఆ వేడికి మన పెద్దలు చెప్పిన ఉపచారాలు. వీటివలన సాధారణంగా ఎవరికీ అపకారం లేదు. కొందరికి ఉపశమనం కూడ కలుగుతుంది. కాని ఈ మాటే ఒక్క వ్యాధి విషయంలో మాత్రం ప్రాణాపాయానికి దారితీస్తున్నది.

హెచ్.ఐ.వి. సోకి, ఏ.ఆర్.టి. కేంద్రంలో మందులు పుచ్చుకొంటున్న వారిలో కొందరు, “ఈ మాత్రలు ఒంట్లో వేడి పుట్టిస్తున్నాయి, కొన్నాళ్ళు ఆపి, ఏదైనా చలవచేసే రసాయనం వాడుకొంటే కాదా?” అని అడుగుతుంటారు. ఇది పూర్వం నమ్మకంగానే ఉండేది. ఇప్పుడు దీనికి శాస్త్రపు వేషం కూడ తోడయినది. ‘ఆక్సిడేటివ్ స్ట్రెస్’, అనగా ఆక్సీకరణ ఒత్తిడి, అనే మాటను పట్టుకొని, మందుల వలన కలిగే ఆ ఒత్తిడిని హరిస్తామంటూ చూర్ణాలు, లేహ్యాలు అమ్మేవారు బయలుదేరారు.

ఈ విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. ఆక్సీకరణ ఒత్తిడి అబద్ధం కాదు. అయితే దానికి ముఖ్య కారణం మాత్ర కాదు, క్రిమి. దానికి మొదటి విరుగుడు కూడ ఆ మాత్రయే. మన వంటిల్లు, మన ఆయుర్వేదం ఆ మాత్ర వెంట నడవవలసినవే గాని, దాని స్థానంలో కూర్చోదగినవి కావు. ఆయుర్వేదమే వృత్తిగా గలవాడనైనందున ఈ మాట చెప్పవలసిన బాధ్యత నాకు మరింత ఎక్కువగా ఉన్నదని నమ్ముతున్నాను.

కణంలోని పొయ్యి

మన శరీరంలోని దాదాపు ప్రతి కణంలోను మైటోకాండ్రియా అనే సూక్ష్మమైన భాగాలుంటాయి. ఇవి కణానికి పొయ్యిల వంటివి. తిన్న ఆహారాన్ని, పీల్చిన ప్రాణవాయువును ఉపయోగించుకొని ఏ.టి.పి. అనే పదార్థ రూపంలో శక్తిని తయారుచేస్తాయి. ఈ ఏ.టి.పి.ని 1929లో లోకానికి వెల్లడించిన వారిలో భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. అమెరికా వెళ్ళక పూర్వం ఆయన మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధించినవారే.

పొయ్యి మండేచోట నిప్పురవ్వలు లేవడం సహజం. కణంలో లేచే ఆ రవ్వలనే ఫ్రీ రాడికల్స్ అంటారు. ఇవి చుట్టుప్రక్కల ఉన్న కొవ్వును, మాంసకృత్తులను, జన్యుపదార్థాన్ని దెబ్బతీస్తాయి. వాటిని ఎప్పటికప్పుడు ఆర్పడానికి శరీరం గ్లూటాథయోన్ వంటి పదార్థాలను తానే తయారుచేసుకొంటుంది. రవ్వలు ఎక్కువై, ఆర్పే శక్తి తక్కువైనప్పటి స్థితియే ఆక్సీకరణ ఒత్తిడి. కొన్ని రవ్వలు శరీరానికి అవసరం కూడ. తెల్ల రక్తకణాలు సూక్ష్మక్రిములను చంపేది వీటి సహాయంతోనే. కనుక రవ్వ అన్నది ఎక్కడ కనబడినా ఆర్పవలసిందే అనుకోవడం సరికాదు.

మంట పెట్టినది ఎవరు?

హెచ్.ఐ.వి. శరీరంలో ప్రవేశించిన నాటినుండి రక్షణ వ్యవస్థ విశ్రాంతి లేకుండా పోరాడుతుంది. ప్రేవుల గోడలు బలహీనపడి, అక్కడి సూక్ష్మక్రిముల అంశాలు రక్తంలోనికి చొరబడతాయి. వైరస్ తయారుచేసే కొన్ని మాంసకృత్తులు కూడ కణాలలో ఫ్రీ రాడికల్స్‌ను పెంచుతాయి. ఈ స్థితిలో వైరస్ మరింత సులభంగా వృద్ధి పొందుతుంది. క్రిమి మంటను పెంచుతుంది, మంట క్రిమిని పెంచుతుంది.

ఇది మందుల ప్రభావమే అయితే, మందులు లేని కాలంలో ఈ ఒత్తిడి కనబడకూడదు. కాని రోగలక్షణాలు ఇంకా పైకి రాని హెచ్.ఐ.వి. బాధితుల రక్తంలో గ్లూటాథయోన్ బాగా తగ్గి ఉన్నదని 1989లోనే ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించారు. నేటి చికిత్సకు మూలమైన మూడు మందుల పద్ధతి 1996లో గాని ఆచరణలోనికి రాలేదు. మందుకు ముందే మంట ఉన్నదనడానికి ఇంతకంటె నిదర్శనం ఏమి కావాలి?

మాత్రలు వేసుకొన్న తరువాత వైరస్ రక్తంలో కనబడనంతగా అణగిపోతుంది. మంట చాలవరకు తగ్గుతుంది. పూర్తిగా మాత్రం ఆరిపోదు. ఏండ్ల తరబడి చికిత్సలో ఉన్నవారిలో కూడ కొంత వాపు లక్షణం, కొంత ఆక్సీకరణ ఒత్తిడి మిగిలే ఉంటాయి. గుండె, మూత్రపిండాలు, ఎముకలు తోటివారికంటె ముందుగా అలసిపోవడానికి ఇది ఒక కారణం. ఈ శేషాగ్ని గురించి ఆలోచించవలసిందే. కాని ముందు, మందులకు ‘వేడి’ అన్న పేరు ఎలా వచ్చిందో తెలుసుకోవాలి.

పాత మాత్ర తెచ్చిన అపకీర్తి

మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఏ.ఆర్.టి. మందులివ్వడం 2004 ఏప్రిల్ 1న ప్రారంభమయినది. మొదట ఎంపికయిన రాష్ట్రాలలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆనాడు ఎక్కువగా ఇచ్చిన మందులలో స్టావుడిన్ ఉండేది. ఈ మందు ఎందరి ప్రాణాలనో నిలబెట్టినది. అయితే అది మైటోకాండ్రియాలను దెబ్బతీసేది. మైటోకాండ్రియా తన జన్యుపదార్థానికి నకలు తీసుకోవడానికి వాడే ఎంజైమును అడ్డగించేది. అందువలన అరికాళ్ళు మండేవి, తిమ్మిర్లు ఎక్కేవి, బుగ్గలు పీక్కుపోయేవి. కొందరికి రక్తంలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి వచ్చేది. అప్పటి రోగులు “మాత్ర మండిస్తున్నది” అన్నది అక్షరాలా నిజం.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో స్టావుడిన్‌ను క్రమంగా మానివేయమని సలహా ఇచ్చినది. మన జాతీయ కార్యక్రమం కూడ దానిని తొలగించినది. 2021 జాతీయ మార్గదర్శకాలలో పెద్దవారికి మొదటగా ఇవ్వదగినదిగా చెప్పినది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన మాత్ర, రోజుకు ఒకటి. వీటివలన మైటోకాండ్రియాకు కలిగే హాని స్టావుడిన్‌తో పోల్చదగినది కాదు. ఇవి దోషరహితాలని నేననను. టెనోఫోవిర్ వాడేవారికి మూత్రపిండాల పరీక్ష అవసరం. డోలుటెగ్రావిర్ వలన కొందరు బరువు పెరుగుతారు, కొందరికి నిద్ర చెడుతుంది. ఇవి డాక్టరుకు చెప్పుకొని సరిచేసుకోదగిన బాధలు. పాత మాత్ర మీది భయాన్ని కొత్త మాత్ర మీదికి మోయడం మాత్రం న్యాయం కాదు.

విశ్రాంతి ఇచ్చి చూసిన పరీక్ష

“మధ్యమధ్య కొన్ని నెలలు మాత్రలు ఆపితే శరీరానికి విశ్రాంతి దొరుకుతుంది కదా” అన్న ఆలోచన మన ఇళ్ళలోనే కాదు, పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులకు కూడ వచ్చినది. దానిని పరీక్షించడానికే ‘స్మార్ట్’ అనే అంతర్జాతీయ అధ్యయనం జరిగినది. అందులో 5,472 మంది పాల్గొన్నారు. సగం మంది మందులు ఎడతెగకుండా వాడారు. మిగిలినవారు సి.డి.4 కణాలు 350కి పైన ఉన్నప్పుడు ఆపి, 250కి దిగువకు పడినప్పుడు తిరిగి ప్రారంభించారు. మందుల విషప్రభావం తగ్గుతుందన్నది అక్కడి ఆశ.

ఫలితం తలక్రిందులయినది. మందులు ఆపినవారిలో ఇతర వ్యాధులు ముసురుకోవడం గాని, మరణించడం గాని సుమారు 2.6 రెట్లు ఎక్కువయినది. మందుల వలన వస్తాయనుకొన్న గుండె, మూత్రపిండ, కాలేయ వ్యాధులు కూడ మందులు ఆపినవారిలోనే ఎక్కువయినవి, సుమారు 1.7 రెట్లు. 2006 జనవరిలో ఆ పరీక్షలో కొత్తవారిని చేర్చుకోవడం నిలిపివేశారు.

మాత్ర మానిన కొత్తలో ఒళ్ళు తేలికపడినట్లు అనిపించవచ్చు. వికారం తగ్గుతుంది, నిద్ర పడుతుంది. ఆ హాయిని చూసి చూర్ణం పనిచేసిందని ఇంటివారు సంతోషిస్తారు. కాని సాధారణంగా కొద్ది వారాలలోనే వైరస్ రక్తంలో తిరిగి లేస్తుంది. ఆ లేవడం పైకి కనబడదు. కనబడేనాటికి క్షయయో, మెదడుకు సోకిన జబ్బో రోగిని మంచం పట్టిస్తుంది.

వంటింటి మందును ప్రభుత్వమే నెత్తికెత్తుకొన్ననాడు ఏమవుతుందో దక్షిణాఫ్రికా చరిత్ర చెబుతున్నది. 1999 నుండి 2008 వరకు అక్కడి ఆరోగ్యమంత్రిగా ఉన్న మాంటో చబలాలా సిమాంగ్ వైరస్ మందులను శంకించి, వెల్లుల్లి, నిమ్మకాయ, బీట్‌రూట్‌లను ప్రచారం చేశారు. 2006 టొరంటో ఎయిడ్స్ మహాసభలో ఆ దేశపు ప్రదర్శనశాలలో వాటినే పెట్టారు. 2000 నుండి 2005 వరకు మందులు సకాలంలో ఇవ్వనందువలన 3,30,000కు పైగా ప్రాణాలు పోయాయని హార్వర్డ్ పరిశోధకులు 2008లో లెక్క తేల్చారు. వెల్లుల్లి మంచిదే. నిమ్మకాయ మంచిదే. వాటిచేత చేయించరాని పని చేయించబూనడమే తప్పు.

యాంటీ ఆక్సిడెంట్లు మోతాదు మీరితే

“మాత్ర మానము, దానితోపాటు యాంటీ ఆక్సిడెంట్ గుళికలు ఎక్కువగా వాడితే మంచిదే కదా” అనేవారికి కూడ ఒక మాట చెప్పాలి. టాంజానియాలో 1,078 మంది హెచ్.ఐ.వి. సోకిన గర్భిణులపై జరిగి, 2004లో ప్రకటితమైన అధ్యయనంలో బి, సి, ఇ విటమినులు వ్యాధి ముదరడాన్ని కొంత ఆలస్యం చేశాయి. వారికి ఏ.ఆర్.టి. అందుబాటులో లేదు. అదే దేశంలో ఏ.ఆర్.టి. మొదలుపెట్టిన 3,418 మందికి కొందరికి సాధారణ మోతాదు, కొందరికి అధిక మోతాదు విటమినులు ఇచ్చి చూశారు. అధిక మోతాదు వలన అదనపు ప్రయోజనం కనబడలేదు సరికదా, కాలేయం నొచ్చుకొంటున్న సూచనలు పెరిగినందున 2009లో ఆ పరీక్షను ముందుగానే ఆపివేశారు. లోపం ఉన్నచోట పూరించడం వైద్యం. నిండిన కుండలో ఇంకా పోయడం వైద్యం కాదు.

హెచ్.ఐ.వి.తో సంబంధం లేని మరొక ఉదాహరణ. ఫిన్లండ్‌లో 29,133 మంది పొగత్రాగేవారిపై జరిగిన పరీక్షలో బీటా కెరోటిన్ గుళికలు వేసుకొన్నవారికి ఊపిరితిత్తుల కాన్సరు తగ్గకపోగా 18 శాతం పెరిగినట్లు 1994లో తేలినది. కాయగూరలలో మేలుచేసే పదార్థమే గుళికగా మారి కీడు చేసినది.

అనుపానం మరచిన రసాయనం

ఇక మన ఇంటి లోపలి సంగతి. మందును దేనితో పుచ్చుకోవాలన్నది మందంత ముఖ్యమని ఆయుర్వేదం చెబుతుంది. తేనెతోనా, నేతితోనా, వేడి నీటితోనా అన్నదానిని బట్టి ఔషధగుణం మారుతుందని తెలిసి అనుపానం ఏర్పరచినవారు మన పూర్వులు. అటువంటి మనమే, రోగి ఏ మాత్రలు వాడుతున్నాడో అడగకుండా రసాయనాలివ్వడం శాస్త్రవిరుద్ధం కాదా?

డోలుటెగ్రావిర్ మాత్ర ఇనుము, సున్నం, మెగ్నీషియం వంటి ఖనిజాలతో కలిస్తే వాటికి అంటుకొని రక్తంలోనికి సరిగా చేరదు. కనుక పరగడుపున ఇనుపధాతువు మాత్రలు గాని, కాల్షియం మాత్రలు గాని దానితో కలిపి వేసుకోరాదు. భోజనంతో అయితే కలిపి వేసుకోవచ్చు. లేదా డోలుటెగ్రావిర్‌ను వాటికి 2 గంటలు ముందుగాని, 6 గంటలు తరువాతగాని వేసుకోవాలి. అల్యూమినియం, మెగ్నీషియం ఉండే కడుపుమంట మందులకు మాత్రం భోజనంతోనైనా ఈ ఎడం తప్పనిసరి. మన లోహభస్మం, మండూరభస్మం ఇనుము. శంఖభస్మం, ప్రవాళభస్మం సున్నం. వీటి విషయంలోనూ అదే జాగ్రత్త వహించాలని నా సలహా.

మిరియాలలోని పైపరిన్‌ను విడిగా తీసి ఆరోగ్యవంతులకిచ్చి చూసినప్పుడు, నెవిరపిన్ అనే హెచ్.ఐ.వి. మందు రక్తంలో రెట్టింపుకంటె ఎక్కువగా పెరిగినదని హైదరాబాదు పరిశోధకులు 2007లో ప్రకటించారు. వెల్లుల్లి గుళికల వలన సాక్వినవిర్ అనే మందు రక్తంలో సగానికి పడిపోయినదని 2002లో అమెరికాలో ప్రకటించారు. ఒకటి మందును పెంచినది, మరొకటి తగ్గించినది. చారులోని మిరియానికి, పప్పులోని వెల్లుల్లికి భయపడనక్కరలేదు. సారం తీసి గుళికగా చేసినదాని సంగతి వేరు.

భస్మాలు శాస్త్రోక్తంగా తయారుకాకపోతే మరొక ప్రమాదం. 2004లో బోస్టన్ ప్రాంతపు అంగళ్ళలో అమ్ముతున్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందులలో సీసం, పాదరసం, పాషాణం వంటివి బయటపడ్డాయి. సీసం తానే ఆక్సీకరణ ఒత్తిడిని పెంచుతుంది, మూత్రపిండాలను చెరుస్తుంది. మంట ఆర్పుతామని తెచ్చిన నీళ్ళలో నూనె కలిసినట్లన్నమాట. తిప్పతీగ విషయంలో కూడ 2021లో బొంబాయి వైద్యులు 6 గురికి కాలేయం దెబ్బతిన్నట్లు వ్రాశారు. ఆయుష్ మంత్రిత్వశాఖ దానిని ఆక్షేపించినది. ఆ వివాదం ఎలా ఉన్నా, కాలేయం మీద ఇతర మందుల భారం ఉన్న రోగి సొంతంగా కషాయాలు కాచుకొని త్రాగడం మంచిది కాదని నా దృఢాభిప్రాయం.

వంటింటి వంతు

మరి మిగిలిన మంటకు ఏమి చేయాలి? చేయవలసినది చాలా ఉన్నది. అందులో అధికభాగం డబ్బు ఖర్చు లేనిది.

మొదటిది పొగాకు. చుట్ట, బీడీ, సిగరెట్టు పొగ తానే ఫ్రీ రాడికల్స్ మూట. డెన్మార్క్‌లో చికిత్స సౌకర్యం బాగా ఉన్న హెచ్.ఐ.వి. బాధితులను పరిశీలించి 2013లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 35 ఏండ్ల వ్యక్తి హెచ్.ఐ.వి. వలన సుమారు 5 ఏండ్ల ఆయుర్దాయం కోల్పోతే, పొగత్రాగడం వలన సుమారు 12 ఏండ్లు కోల్పోతున్నాడు. నూరు రూపాయల లేహ్యం నాకి, పైన సిగరెట్టు వెలిగించేవాడికి ఏ చరకుడు వైద్యం చేయగలడు? మద్యం సంగతీ అంతే.

రెండవది ఆహారం. గ్లూటాథయోన్‌ను శరీరం మాంసకృత్తుల నుండే తయారుచేసుకొంటుంది. కనుక పప్పు, పెసలు, శనగలు, వేరుశనగ, పాలు, పెరుగు, తినేవారికి గ్రుడ్డు, చేప ప్రతిదినం ఉండాలి. ఉసిరికాయ, జామకాయ, నిమ్మ, మునగాకు, తోటకూర, కరివేపాకు మన పెరటి సంపద. రోజూ కూరగానో, పచ్చడిగానో తినండి. బజారు గుళిక కంటె జామకాయ చవుక, రుచి కూడ.

మూడవది నిద్ర, నడక, మనశ్శాంతి. చరకసంహిత రసాయనాధ్యాయంలో ఉసిరికతో చేసే యోగాలతోపాటు ‘ఆచార రసాయనం’ కూడ ఉన్నది. కోపం విడిచి, మద్యం మాని, అతిశ్రమ చేయక, వేళకు నిద్రించి, శాంతంగా జీవించేవాడు నిత్యం రసాయనం సేవించేవాడే అని దాని భావం. దీనిని అమ్మడానికి వీలులేదు కాబట్టి ఎవరూ ప్రకటించరు.

మనశ్శాంతి అన్నప్పుడు ఇంటివారి బాధ్యత ఆలోచించండి. 2021 అంచనాల ప్రకారం ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 3 లక్షలకు పైగా హెచ్.ఐ.వి. బాధితులున్నారు. ఇది ఎవరో పరాయివారి జబ్బు అనుకోవడానికి వీలులేదు. మన బంధువులలో, మన ఇంట పనిచేసేవారిలో, మన వీధిలో ఉన్నవారే వారు. పెళ్ళికి వెళ్ళినా, తిరుపతి యాత్రకు వెళ్ళినా నలుగురిలో సీసా తీయడానికి వెరచి మాత్ర మానేవారెందరో! ఉసిరికాయ పెట్టడం కంటె ముందు, ఆ మాత్రను నిర్భయంగా వేసుకోగల ఇంటిని వారికివ్వాలి. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉన్న హెచ్.ఐ.వి. చట్టం వారిపట్ల వివక్షను నిషేధించినది. చట్టం ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. అక్కడి పని మనదే.

వైద్యులకు విన్నపం

ఎయిడ్స్‌ను నయం చేస్తామని, నివారిస్తామని ఏ మందూ చెప్పుకోరాదని ఔషధ నియమావళి ‘జె’ షెడ్యూలు నిషేధించినది. ఆ పట్టికలో మొదటి పేరే ఎయిడ్స్. చట్టానికి దొరకకుండా “రోగనిరోధక శక్తి పెంచుతాము, ఆక్సీకరణ తగ్గిస్తాము” అని మాట మార్చి అమ్మే సోదర వైద్యులను నేను కోరేది ఒక్కటే. రోగి మీ గుమ్మం ఎక్కినప్పుడు “ఏ.ఆర్.టి. మాత్ర ఈ రోజు వేసుకొన్నావా?” అన్నది మీ మొదటి ప్రశ్న కావాలి. మీరిచ్చే మందు పేరు చీటీ మీద వ్రాసి, ఏ.ఆర్.టి. డాక్టరుకు చూపమని చెప్పండి. చూపడానికి వీలులేని మందు ఇవ్వకండి.

ఏ.ఆర్.టి. కేంద్రాలలోని డాక్టరులకు కూడ ఒక విన్నపం. “నాటుమందులు వాడుతున్నావా?” అని గద్దిస్తే ఏ రోగీ నిజం చెప్పడు. “ఇంకా ఏమేమి వాడుతున్నారమ్మా?” అని మృదువుగా అడగండి. చెప్పినదానిని చీటీలో వ్రాసుకోండి.

ఇక పాఠకులకు. మీ ఇంటగాని, మీకు తెలిసినవారిలోగాని ఎవరైనా “మాత్రలు వేడి చేస్తున్నాయి” అంటే ఆ బాధను కొట్టివేయకండి. అది ఏ బాధో విడమరచి అడిగి, కేంద్రానికి తీసుకొనివెళ్ళి డాక్టరుకు చెప్పించండి. మందు మార్చవలసి వస్తే వారే మారుస్తారు. అంతవరకు మజ్జిగ ఇవ్వండి, జామకాయ ఇవ్వండి, ధైర్యం చెప్పండి. ఆ పూట మాత్ర మాత్రం తప్పనివ్వకండి.